కలిపి చెప్పిన రెండు గంటలు

పెనుగొండ మెయిన్ బజారులో శేషగిరి కిరాణా అంగడికి ఉన్న మంచిపేరు పప్పులవల్ల వచ్చింది కాదు, నూనెవల్ల వచ్చింది కాదు. టైమువల్ల వచ్చింది. "కొత్త బెల్లం ఎప్పుడొస్తాది శెట్టీ?" అని ఎవరైనా అడిగితే ఆయన "సాయంత్రం ఆరుకు" అనేవాడు. నాలుగింటికే బెల్లం దిమ్మెలు అంగడి ముందు దిగేవి. అడిగినవాళ్లు సంతోషపడి, ఈ శెట్టి మాటంటే మాటే అనుకుంటూ వెళ్లేవాళ్లు. అందులో మంత్రమేమీ లేదు. లారీ డ్రైవరు ఏ టైము చెబితే దానికి రెండు గంటలు కలిపి చెప్పడం శేషగిరి అలవాటు. లారీ అన్నాక టైరు పంచరవుతుంది, చెక్‌పోస్టులో ఆపుతారు, డ్రైవరుకు నిద్రొస్తుంది. ఇవేవీ జరగకపోతే సరుకు ముందే వస్తుంది, ముందొస్తే ఎవరూ కోప్పడరు.

మొదట్లో ఇది వ్యాపారం వరకే. పోనుపోను ఒంటికి పట్టేసింది. పెళ్లికి వస్తానన్నా, క్షౌరానికి పోయొస్తానన్నా, చివరికి ధర్మవరం నుంచి బావమరిది వస్తున్నాడని చెప్పినా రెండు గంటలు కలపందే ఆయన నోట టైము వచ్చేది కాదు. ఎదురంగడి దర్జీ లాల్‌సాబ్ చిన్ననాటి స్నేహితుడు కాబట్టి ఎగతాళి చేసే హక్కు ఆయనకుంది.

"ఏమప్పా శెట్టీ, రేపు పొద్దు ఎన్నింటికి పుడతాదని అడిగితే నువ్వు ఎనిమిదికని చెప్తావు గదా?"

"చెప్తా. మబ్బు పట్టొచ్చు. నీకేం తెలుసు?" అనేవాడు శేషగిరి.

ఈ కథ రెండువేల నాలుగులో, చెనక్కాయ పైరు పూతమీదున్న రోజుల్లో జరిగింది. ఒకనాడు తెల్లవారుతూనే, పాలామె ఇంకా గడప దిగకముందే ఫోను మోగింది. కోయంబత్తూరు నుంచి అల్లుడు సుమంత్. హిందూపురం పిల్లవాడే, కోయంబత్తూరులో నీళ్ల మోటార్లు చేసే కంపెనీలో లెక్కలు చూస్తాడు. శేషగిరికి ఒక్కగానొక్క కూతురు వాసవి. ఆమెకు ఎనిమిదో నెల. రైలెక్కవద్దు, కదలవద్దు అని డాక్టర్లు గట్టిగా చెప్పడంతో పుట్టింటికి రాకుండా అక్కడే ఉండిపోయింది.

"మామా, భయపడొద్దండి. వాసవికి బీపీ బాగా ఎక్కువైంది. హాస్పిటల్లో చేర్చినా. ఈ పొద్దు మధ్యాన్నం మూడింటికి ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తామంటాండారు. అమ్మ రాందే లోపలికి పోనని ఒకటే ఏడుస్తాంది. ఏడ్చేకొద్దీ బీపీ ఇంకా పెరుగుతాంది. అత్తను ఎట్లన్నా పంపించండి మామా."

భయపడొద్దన్న మాట వింటూనే శేషగిరికి భయం పట్టుకుంది. రెండేళ్ల కిందట వాసవికి మొదటి కాన్పు ఏడో నెలలోనే పోయింది. ఆనాడు శేషగిరి భార్య రాజేశ్వరమ్మ రైలు దిగి వెళ్లేసరికి అంతా అయిపోయింది. కూతురు గోడవైపు తిరిగి పడుకొని, "ఇప్పుడొచ్చినావా అమ్మా" అని ఒక్క మాట అంది. ఆ మాట తల్లి గుండెలో అలాగే ఉండిపోయింది. మొగుడితో తప్ప ఎవరితోనూ చెప్పుకోలేదు.

అందుకే ఇప్పుడు రాజేశ్వరమ్మ ఏడవలేదు. సంచి తీసి పాతబియ్యం, శొంఠి, వాము సర్దడం మొదలుపెట్టింది. సర్దుతూనే, "ఎట్ల పోవల్ల? అది చెప్పండి" అంది.

ఎలా వెళ్లాలో శేషగిరికి తోచలేదు. రైలెక్కినా బస్సెక్కినా ఆమె చేరేది రేపు పొద్దున. కోయంబత్తూరంటే ఎంత దూరమో ఆయనకు బాగా తెలుసు. అటునుంచి కొబ్బరినూనె డబ్బాల లారీ బయల్దేరితే ఒక రాత్రి, మరుసటి రోజు సగం గడిస్తేగాని పెనుగొండ చేరదు. కూతురుకు పెళ్లిచేసి పంపినప్పుడు కూడా ఆయన ఆ దూరాన్ని లారీ లెక్కలోనే కొలుచుకొని బాధపడ్డాడు.

మాటలు విని లాల్‌సాబ్ మెడలో టేపుతోనే రోడ్డు దాటి వచ్చాడు. సంగతి తెలుసుకున్నాడు. ఒక్క క్షణం ఆలోచించి, "విమానం" అన్నాడు.

"నీకేమన్నా పిచ్చా లాల్‌సాబూ?"

"పిచ్చేమి? బెంగళూరు నుంచి కోయంబత్తూరుకు దినామూ విమానం పోతాది. మా అన్న కొడుకు ముబారక్ హిందూపురంలో టికెట్లమ్మేది అదే గదా. ఇట్లియ్యి ఫోను." శేషగిరి ఇచ్చేలోపే ఆయన నంబరు తిప్పేశాడు. ముబారక్‌ను నిద్ర లేపాడు. ఐదు నిమిషాల్లో సమాధానం వచ్చింది. పదకొండుకు పది నిమిషాలు తక్కువలో విమానం ఉంది. అందులో ఒకే ఒక్క సీటు మిగిలింది.

ఒక్క సీటు అనగానే శేషగిరి భార్యవైపు చూశాడు. రాజేశ్వరమ్మ ఒంటరిగా ఎక్కడికీ వెళ్లిన మనిషి కాదు. పుట్టిల్లు ధర్మవరమే అయినా, ఈయన ఇక్కడ రైలెక్కిస్తే అక్కడ తమ్ముడు వచ్చి దింపుకొనేవాడు. అలాంటి మనిషి భాష తెలియని ఊరికి, అదీ ఆకాశంలో! పోనీ తనే ఆ సీటులో కూర్చుందామా అంటే, వాసవి ఏడుస్తున్నది నాయన కోసం కాదు.

"నేను పోతా" అంది రాజేశ్వరమ్మ. పెట్టెలోంచి ధర్మవరం పట్టుచీర తీసి కట్టుకుంది. ఆసుపత్రికి పట్టుచీర ఎందుకే అని అడగబోయి శేషగిరి ఊరుకున్నాడు. ఆమెకు ధైర్యం కావలసినప్పుడల్లా ఆ చీరే కడుతుంది.

లాల్‌సాబ్ అంగడి తాళాలు పుచ్చుకున్నాడు. పక్కవీధిలో బాడుగకు కారు తోలే నాగన్న కారు తెచ్చాడు. గంటలోపే హిందూపురం చేరారు. రాజేశ్వరమ్మ కారులోనే కూర్చుంది. శేషగిరి ముబారక్ ఆఫీసులోకి వెళ్లి, కుర్చీ చూపిస్తున్నా కూర్చోకుండా మొదటి ప్రశ్న వేశాడు.

"ఎంతసేపు పడతాదప్పా ఆడికి?"

"యాభై నిమిషాలు శెట్టిమామా. పదకొండూ నలభైకి దిగేస్తాది అత్తమ్మ."

శేషగిరి అతన్ని కిందికీ మీదికీ చూశాడు. "రోడ్డు మీద మూడొందల అరవై కిలోమీటర్లు ఉండాది నాయనా. నేను సరుకు తెప్పిస్తాండా ఆడినుంచి."

ముబారక్ నవ్వి గోడకున్న మ్యాపు దగ్గరికి తీసుకెళ్లాడు. స్కేలు తీసి బెంగళూరు మీద ఒక కొస, కోయంబత్తూరు మీద ఒక కొస పెట్టాడు. "మీ లారీ ఇట్ల హోసూరుకు పోయి, క్రిష్ణగిరికి పోయి, సేలంకు పోయి, ఈరోడ్ చుట్టుకొని వస్తాది. విమానం ఈ స్కేలు మీద పోతాది. రెండొందల ముప్పై, అంతే. ఆడ మలుపులు ల్యా, చెక్‌పోస్టులు ల్యా. మీరు ఈడ్నుంచి బెంగళూరు పోయేదానికే మూడు గంటలు పడతాది మామా. ఎక్కువ దూరం మీకే."

ఊరికీ ఊరికీ మధ్య దూరం రెండు రకాలుగా ఉంటుందని శేషగిరి యాభై ఎనిమిదేళ్ల జీవితంలో ఎన్నడూ అనుకోలేదు. స్కేలు చూస్తే నిజమే అనిపించింది. కొబ్బరినూనె లారీ గుర్తొస్తే అబద్ధమనిపించింది. ముబారక్ టికెట్టు ప్రింటు తీయడానికి లోపలికి వెళ్లగానే ఆయన అక్కడి ఫోనులోంచే సుమంత్‌కు చేశాడు.

"నాయనా, అత్త విమానంలో వస్తాంది. ఎయిర్‌పోర్టుకు పోయి పిల్చుకోవల్ల నువ్వు." పదకొండూ నలభై అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ముప్పై ఏళ్ల వ్యాపారం ఊరుకుంటుందా? మబ్బు పట్టొచ్చు, టైరు పంచరు కావొచ్చు, దానికీ టైర్లుంటాయి కదా. పిల్లవాడు పాపం, ఆసుపత్రిలో వాసవిని వదిలిపెట్టి అక్కడ ఎంతసేపని కాచుకుంటాడు? "ఒకటీ నలభైకి వస్తాది" అన్నాడు.

"సరే మామా. మూడులోపల తెచ్చేస్తా" అన్నాడు సుమంత్. మామ టైము చెప్పాడంటే తప్పదని అతని నమ్మకం.

శేషగిరి ఫోను పెట్టేసి, మంచిపని చేసినవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు. సుమంత్ సెల్ నంబరు ఒక చీటీ మీద రాసి, ఎయిర్‌పోర్టులో రాజేశ్వరమ్మ చేతికిద్దామని జేబులో పెట్టుకున్నాడు. టికెట్టు తీసుకొని కారెక్కాడు.

దారంతా రాజేశ్వరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఎలహంక దాటాక మాత్రం మెల్లగా అడిగింది.

"ఎంతసేపు ఉండల్ల పైన?"

"గంట కూడా పట్టదంట."

"మనూరి నుంచి హిందూపురానికి వచ్చినంత సేపేనా?"

"అంతే."

"అయితే పోగలను లెండి. హిందూపురానికి పోతాండాననుకొని కండ్లు మూసుకుంటా" అంది. శేషగిరికి ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. ముందు సీట్లో నాగన్న ఉన్నాడని ఊరుకున్నాడు.

ఎయిర్‌పోర్టులో జనం, తోపుడుబండ్లు, మైకు. గేటు దగ్గర పోలీసు టికెట్టున్నవాళ్లనే రానిచ్చాడు. చెప్పాల్సినవన్నీ చెప్పాలని శేషగిరి దారిపొడవునా అనుకొని, చివరికి "జాగర్త" అన్న ఒక్క మాటే చెప్పగలిగాడు. రాజేశ్వరమ్మ సంచి చంకకెత్తుకొని, పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకొని లోపలికి నడిచింది. అద్దాల తలుపు మూసుకున్నాక ఆమె వెనక్కి తిరిగి చూసిందో లేదో ఆయనకు కనపడలేదు. అద్దంలో ఆయన మొహమే కనపడింది.

విమానం లేచేదాకా కదిలేది లేదని శేషగిరి పట్టుబట్టాడు. ఇద్దరూ బయట కాంపౌండు పక్కన నిలబడ్డారు. టికెట్టు మీద వేసిన టైముకు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా, తెల్లటి విమానం ఒకటి గోడమీదుగా లేచింది. శేషగిరి గడియారం చూసుకొని నోరు వెళ్లబెట్టాడు. చెప్పిన టైముకు కదిలిన బండిని పుట్టి బుద్ధెరిగాక ఆయన చూడటం అదే మొదలు.

"పోయింది అక్క" అన్నాడు నాగన్న.

"పోయింది" అన్నాడు శేషగిరి. ఏదో తేడాగా ఉన్నట్లు లోపల ఒక మూల తెలుస్తూనే ఉంది. ఏమిటన్నది మాత్రం తెలియలేదు.

అది దొడ్డబళ్లాపురంలో తెలిసింది. టీ తాగుదామని కారు ఆపారు. నాగన్న టీ ఊదుకుంటూ, "ఈ పాటికి అక్క దిగి అరగంటై ఉంటాదన్నా. మనం ఇంకా ఈడే ఉండాం చూడు" అని నవ్వాడు.

శేషగిరి చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. దిగి ఉంటుంది. అరగంట కిందటే దిగి ఉంటుంది. అక్కడ ఎవరున్నారు? సుమంత్ ఆసుపత్రిలో తీరిగ్గా కూర్చొని ఒకటీ నలభై ఎప్పుడవుతుందా అని చూస్తుంటాడు. ఎవరు చెప్పారు అతనికి? టీ డబ్బులకని జేబులో చెయ్యి పెడితే సుమంత్ నంబరు రాసిన చీటీ వేళ్లకు తగిలింది. గేటు దగ్గర ఆ తొందరలో ఇవ్వనే లేదు. తమిళం రాని మనిషి, చేతిలో ఒక్క నంబరు లేకుండా, ఎవరూ రాని చోట నిలబడి ఉంది. నిలబెట్టింది కట్టుకున్న మొగుడే.

"నాగన్నా, చంపేసినాను రా" అని ఆయన ఎస్‌టీడీ బూతువైపు పరుగెత్తాడు. ఆ పరుగు చూసి నాగన్నకు టీ పొలమారింది.

నంబరు తిప్పగానే ఎవరో ఆడమనిషి తమిళంలో గడగడా మాట్లాడింది. "అమ్మా, మా అల్లుణ్ణి పిలుచమ్మా, సుమంతని, హిందూపురం సుమంత్" అని శేషగిరి బతిమాలాడు. ఆమె మళ్లీ అదే మాట్లాడింది. ఈయన గొంతు పెంచాడు. మూడోసారి బూతాయన జాలిపడి, "అదు రికార్డింగు సామీ, సెల్లు అందట్లేదని చెప్తాంది" అన్నాడు. శేషగిరి ఫోను పెట్టేసి, మళ్లీ ఎత్తి, మళ్లీ పెట్టేశాడు. రెండు నెలల కిందట అల్లుడు ఆసుపత్రి నంబరు కూడా చెబితే, ఎందుకులే సెల్లుందిగా అని రాసుకోలేదు. ఆ బద్ధకానికి ఇప్పుడు తనను తానే తిట్టుకున్నాడు.

దొడ్డబళ్లాపురం నుంచి గౌరీబిదనూరు దాకా ఆయన పడ్డ బాధ ఆయనకే తెలుసు. కళ్లు మూసుకుంటే రాజేశ్వరమ్మ కనిపించింది. సంచి కాళ్ల దగ్గర పెట్టుకొని, వచ్చే పోయే మొహాల్లో అల్లుడి మొహం కోసం వెతుక్కుంటూ నిలబడి ఉంది. మొగుడు చెప్పాడు కాబట్టి అల్లుడు వస్తాడని నమ్మి, ఆ చోటునుంచి కదలకుండా నిలబడి ఉంది. ఈ లోపల ఆసుపత్రిలో వాసవి గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇప్పుడొచ్చినావా అమ్మా అన్న మాట మళ్లీ వినాల్సి వస్తే రాజేశ్వరి బతకగలదా? ఆయన భయపడ్డాడు, నిజంగా భయపడ్డాడు. తన ప్రాణానికి కూడా ఆయన ఎన్నడూ అంత భయపడలేదు.

"నేను మంచికే చెప్పినా నాగన్నా" అన్నాడు, అడగకుండానే.

"తెలుసన్నా" అన్నాడు నాగన్న. కారు వేగం పెంచాడు.

గౌరీబిదనూరులో ఇంకో బూతునుంచి తిప్పితే ఈసారి అల్లుడి ఫోను మోగింది. సుమంత్ ఎత్తాడు. శేషగిరి హలో కూడా అనకుండా అరిచాడు. "అత్త వచ్చిందా?"

"లేదు మామా, ఇప్పుడే బయల్దేరతాండా. రక్తం కావాలన్నారని బ్లడ్‌బ్యాంకుకు వచ్చినా. పన్నెండు నుంచి ఈడే ఉండా, లోపల సిగ్నల్ ల్యా. వాసవికి బీపీ ఇంకా పెరిగిందంట మామా, మూడుదాకా ఆగలేం, ముందే లోపలికి తీసుకుపోతామన్నారు. ఈ పాటికి తీసుకుపోయింటారు." వెంటనే మళ్లీ అన్నాడు. "అమ్మ వచ్చేదాకా ఆగండని అది ఎంత ఏడ్చిందో మామా."

శేషగిరి బూతు గోడకు చెయ్యి ఆనించాడు. "ఆమె దిగి గంటన్నర అయింది నాయనా. నేను నీకు తప్పు చెప్పినా. పో. ముందు ఎయిర్‌పోర్టుకు పో. ఆడ నిలబడి ఉంటాది. పట్టుచీర కట్టుకోనుండాది."

సుమంత్ "సరే మామా" అని పెట్టేశాడు. ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని శేషగిరికి అనిపించింది.

గౌరీబిదనూరు నుంచి హిందూపురం దగ్గరే. ఆ రోజు మాత్రం రోడ్డు సాగుతూనే ఉంది. రాష్ట్రం సరిహద్దు దాటారు. శేషగిరి ఇష్టదైవాన్ని తలుచుకుందామంటే పేరు గుర్తురాలేదు. అల్లుడితో మాట్లాడాలి, అందుకు ఎక్కడో ఒకచోట ఫోను కావాలి. "ముబారక్ ఆఫీసుకు పోనీ" అన్నాడు.

కారు ఆగేసరికి ముబారక్ ఆఫీసు బయటే, మెట్టుమీద నిలబడి ఉన్నాడు. వీళ్ల కోసమే కాచుకున్నట్లున్నాడు. అతని మొహంలో ఏముందో చూడటానికి శేషగిరికి ధైర్యం చాలలేదు. కిందికి చూస్తూ దిగాడు.

"యాడికి పోయినారు శెట్టిమామా? మీ ఇంటికి చేస్తే లాల్‌సాబ్ చిన్నాయన ఎత్తుకొని, మీరింకా రాలేదన్నాడు. రెండుసార్లు చేసింది అత్తమ్మ! పొద్దున మీరు ఈడ్నుంచి చేసినారు గదా, అల్లుడి సెల్లులో ఈ నంబరు ఉండింది. రాండి, రాండి, నంబరు ఇచ్చిపెట్టింది, కలుపుతా."

"యాడినుంచి చేసింది? ఎయిర్‌పోర్టు నుంచా?"

"హాస్పిటల్ నుంచి మామా."

శేషగిరి పొద్దున కూర్చోని కుర్చీలో ఇప్పుడు కూలబడ్డాడు. ముబారక్ నంబరు తిప్పి రిసీవరు ఆయన చెవికి ఆనించాడు.

"ఏమండీ" అంది రాజేశ్వరమ్మ. అవతల ఎవరో పిలుస్తున్నారు, ట్రాలీ చప్పుడవుతోంది, వాటన్నిటి మధ్య ఆమె గొంతు ఇంట్లో పక్కగదిలోంచి పిలిచినట్లే ఉంది. "ఆడబిడ్డండీ. చిన్నగా ఉండాది, అయినా గట్టిగా ఏడ్చింది. తలుపు బయట నిలబడుకొని నేను విన్నా. వాసవి బాగుండాది. తెలివొచ్చి నన్ను చూసి నవ్వింది."

శేషగిరికి ప్రాణం లేచొచ్చింది. ముబారక్ చూస్తున్నాడని కూడా చూడకుండా ఏడ్చేశాడు. నాగన్న గడప దగ్గర తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"వాసవిని లోపలికి తీసుకుపోయేటప్పుడు నువ్వుండావా?" అనడిగాడు, ఏడుపు ఆపుకొని.

"ఉండా. చెయ్యి పట్టుకోనే తలుపుదాకా పోయినా. ఇంకో పది నిమిషాలైంటే దొరికేది కాదంట. అమ్మా వచ్చినావా అని అదొకటే మాటండీ. ఇంగ ఏడవల్యా, కిక్కురుమనకుండా పోయింది లోపలికి." వెంటనే రాజేశ్వరమ్మ మాట మార్చింది. "నా అడకత్తెర లాక్కున్నారండీ ఎయిర్‌పోర్టులో. వక్కలు కత్తిరించుకునేదానికి కూడా కత్తి అంటారా? మా అమ్మ ఇచ్చింది అది."

"పోతే పోనీలే. పది కొనిస్తా. నువ్వెట్ల పోయినావు హాస్పిటల్‌కు? అల్లుడు రాల్యా గదా?"

"పక్క సీట్లో ఒకామె కూర్చుండె. నా చీర అంచు చూసి, ఇది ధర్మవరందా అని తెలుగులో అడిగింది. కోయంబత్తూరేనంట, నేతోళ్లంట, ఇంట్లో తెలుగే మాట్లాడ్తారంట. ఏదో పాతకాలం మాటలు, అయినా తెలుస్తాయి. ఇంగ దిగేదాకా ఆమెతో మాటలే. హిందూపురం అనుకోను టైమే దొరకల్యా నాకు. దిగినాక వాళ్ల కారులో తెచ్చి హాస్పిటల్ ముందర దింపిపోయింది. వాసవి ప్రతి ఆదివారమూ ఫోనులో చెప్తాంది గదా, హాస్పిటల్ పేరు నాకు తెలుసు. అల్లుడు రక్తం తెచ్చి ఇచ్చిపోదామని వస్తే నేను ఆడే కనపడినా, ఆ సెల్లులో నంబరు చూసే ఈడికి చేసినా."

చేసిన తప్పు ఒప్పుకోకుండా ఆ ఫోను పెట్టేస్తే రాత్రికి నిద్రపట్టదని శేషగిరికి తెలుసు. "రాజేశ్వరీ, నేను అల్లునికి ఒకటీ నలభై అని చెప్పినా. నీకు దిక్కు లేకుండా చేసినా ఆడ."

రాజేశ్వరమ్మ నవ్వింది. "తెలుసు లెండి. బయటికి వచ్చి ఒకసారి అటూ ఇటూ చూసినా. అల్లుడు కనపడల్యా. మీరు రెండు గంటలు కలిపి చెప్పింటారని అప్పుడే అనుకున్నా. అందుకే ఆమె రమ్మంటే నిలబడకుండా కారెక్కేసినా."

"నీకెట్ల తెలుసు? నువ్వు కారులో కూర్చోనుంటివి గదా, నేను చెప్పేటప్పుడు?"

"వినల్లనా? ముప్పై ఏండ్ల నుంచి మూడింటికి తింటానని చెప్పిపోయి ఒంటిగంటకే వచ్చి కాళ్లు కడుక్కుంటాండారు. ఒక్క పొద్దన్నా చల్లన్నం పెట్టినానా మీకు?"

నిజమే. ఎన్నడూ పెట్టలేదు. ఏ వేళకు గడప తొక్కినా కంచం పెట్టి ఉండేది, అన్నం పొగలు కక్కుతుండేది. అది ఇంట్లో అన్నం స్వభావమని ఆయన ఇన్నేళ్లూ అనుకున్నాడు, అసలు ఏమీ అనుకోలేదంటేనే సరి. ఆయన ఊరందరికీ కలిపి చెప్పిన గంటల్ని ఒక మనిషి పొద్దునా సాయంత్రమూ తీసేసుకుంటూ, దాని ప్రకారం పొయ్యి వెలిగిస్తూ వచ్చింది. ఆ తీసివేత తెలిసిన మనిషి కాబట్టే ఈ పొద్దు వాసవి చెయ్యి ఆమె చేతికి అందింది.

"ఇంతకీ మీరెప్పుడొస్తాండారు మనవరాల్ని చూసేదానికి?" అంది రాజేశ్వరమ్మ.

ధర్మవరం మీదుగా వచ్చే కోయంబత్తూరు బండి రాత్రికి హిందూపురంలో ఆగుతుంది. శేషగిరి మనసులో లెక్క వేసుకున్నాడు. "రేపు పొద్దున ఎనిమిదికంతా ఉంటా."

"అంటే ఆరుకా?"

"కాదే. ఎనిమిదికే. నీకు మాత్రం ఇంగ కలిపి చెప్పను" అన్నాడు శేషగిరి.

"సరే. అయితే ఎనిమిదికే ఇడ్లీ తెప్పిస్తా" అంది ఆమె.